సోనుంబూ అపా పాత మౌస్

అత్-బాషీ సంతలో నూడుల్స్ అమ్మే ఆవిడ ఇప్పటికీ ఈ సంగతి చెబుతూనే ఉంటుంది. ఎగువ ఊళ్ళో తివాచీల కొట్టంలో సోనుంబూ అని ఒక ముసలావిడ ఉందట. చచ్చిపోయిన కంప్యూటర్ మౌస్‌ని అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏదో చదివి ఊదిందట. అంతే, దానికి ప్రాణం వచ్చిందట. ఆ రోజు నుంచి అది ఆవిడ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ లొంగదట. వేరేవాళ్ళు ముట్టుకుంటే రాయిలా పడి ఉంటుందట. గొర్రెలు అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళు గిన్నెలో కారం కలుపుకుంటూ ఇదంతా విని, "నిజమేనా?" అని పక్కవాణ్ణి అడుగుతారు. నిజమేనంటాడు పక్కవాడు. వాడి మరదలు కళ్ళారా చూసిందంటాడు.

ఆ మరదలు ఎవరో నాకు తెలియదు. ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళం నలుగురమే. పెద్దావిడ కాబట్టి మేమంతా అపా అని పిలిచే సోనుంబూ, కొట్టం పెద్ద అనార్‌కుల్, కుట్టుపనిలో చెయ్యి తిరిగిన కనిషాయ్, నేను. టీ పోసే పని నాది కాబట్టి గుమ్మం పక్కన, టీ నీళ్ళు కాగే సమోవర్ దగ్గర కూర్చుంటాను. కొత్త కోడళ్ళ చోటు అదే. అక్కణ్ణుంచి అందరి చేతులూ కనిపిస్తాయి.

సోనుంబూ అపా వేసవి మేత కొండల మీద, గుడారంలో పుట్టింది. వాళ్ళమ్మ గొర్రెల బొచ్చు కత్తిరిస్తూ ఉండగానే నొప్పులు వచ్చాయట. "నన్ను మొదట చుట్టింది ఆ ఉన్నిలోనే. కడిగిన ఉన్ని కూడా కాదు" అని చెప్పి నవ్వుతుంది. సర్కారు గొర్రెల ఫారంలో పని చేసింది. మా ఊరి కాపరిని చేసుకుని ఇక్కడికొచ్చింది. భర్త పోయాక కొట్టంలో చేరింది. మేం తివాచీని షిర్దక్ అంటాం. ఒత్తి దళసరి చేసిన ఎర్ర ఉన్ని పరుపు మీద నల్ల ఉన్ని పరుపు పరిచి, పైన నమూనా గీసి, రెండింటినీ ఒకేసారి కోస్తాం. మా నమూనాలన్నీ పొట్టేలు కొమ్ముల వంపులే. ఎర్ర కొమ్ము వెళ్ళి నల్లదాని ఖాళీలో కూర్చుంటుంది, నల్ల కొమ్ము ఎర్రదానిలో కూర్చుంటుంది. చిన్న ముక్క కూడా వృథా కాదు. కుట్టేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. గీసేవాళ్ళు అరుదు. అపా ఎండిన సబ్బుముక్క తీసుకుని, కొలత లేకుండా, తాడు లేకుండా, మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతూ గీసేది. గీత వంకర పోతే ఉన్ని దండగ, ఉన్నితో పాటు ఊరందరి వేసవి కష్టమూ దండగే. ఆవిడ గీత వంకర పోయిన రోజు ఎవరికీ గుర్తులేదు.

ఒక చలికాలం మంచు మీద గుర్రం కాలు జారింది. కింద పడ్డ అపా కుడి మణికట్టు విరిగింది. ఎముకలు కట్టేవాడు కట్టాడు కానీ సరిగ్గా కుదరలేదు. వేళ్ళు ముడుచుకోవు. సబ్బుముక్క పట్టుకుంటే జారిపోయేది, కత్తెర అసలు ఎత్తలేకపోయేది. రెండు చలికాలాలు మూల కూర్చుని ఉన్ని ఏకింది. గీసేవాళ్ళు లేక కొట్టంవాళ్ళు పాత నమూనాలే మళ్ళీ మళ్ళీ కోశారు. అప్పటికి నేను ఈ ఊరు రాలేదు. ఆ రోజుల గురించి ఇక్కడివాళ్ళెవరూ ఎక్కువ చెప్పరు.

ఆ తరవాత మూతబడిన లైబ్రరీ నుంచి ఒక కంప్యూటర్ కొట్టానికి వచ్చింది. దానితో పాటే ఒక మౌస్ కూడా. పసుపెక్కిపోయి, రొట్టెలా వెడల్పుగా, చేతికి బరువుగా ఉండే పాత రకం. కింద రబ్బరు పూసిన ఇనుప ఉండ దొర్లుతుంది. తోక చివర గుండ్రటి ప్లగ్గు, లోపల సన్నటి సూదులు. అనార్‌కుల్ లెక్కలు రాయడానికని దాన్ని బల్ల మీద పెట్టింది. ఒక రోజు ఎవరూ లేనప్పుడు అపా దాని మీద అరచెయ్యి బోర్లించి జరిపింది. పట్టుకోనక్కర్లేదు, వేలు ఆనించి జరిపితే చాలు. తెర మీద గీత పడింది. చెయ్యి తిప్పితే కొమ్ము తిరిగింది.

అప్పటి నుంచి మా తివాచీల నమూనాలన్నీ ఆ మౌస్‌తో గీసినవే. కాగితాల మీద ముక్కలు ముక్కలుగా అచ్చు తీసి, అతికించి, ఉన్ని మీద పరిచి, అంచు వెంట సబ్బుతో గీస్తాం. కొట్టం గాలి నిండా ఉన్ని పోగులే కాబట్టి మౌస్ పొట్టలోకి పోగులు చేరి ఉండ బిగుసుకుపోతూ ఉంటుంది. అపా ఎడమ చేత్తో దబ్బనం తీసుకుని లోపల శుభ్రం చేస్తుంది. "ఆ ఉండ ఎప్పుడైనా పోతే చెప్పు అపా, మా ఇంట్లో ఎండబెట్టిన పెరుగు ఉండలు బోలెడున్నాయి, ఒకటి పెడదాం. ఆకలేస్తే చప్పరించొచ్చు కూడా" అంటుంది కనిషాయ్. ఆవిడకి నోరు ఊరుకోదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కంప్యూటర్‌లో ఒక మూల గీసి, దాన్నే తక్కిన మూడు మూలలకీ తిప్పి అతికించొచ్చు. అనార్‌కుల్ ఎన్నోసార్లు చెప్పింది. అపా ఒప్పుకోదు. నాలుగు మూలలూ విడివిడిగానే గీస్తుంది. "నాలుగూ ఒకే అచ్చయితే తివాచీ చూసినవాణ్ణి తిరిగి చూడదు" అంటుంది. దాని అర్థం ఏమిటో ఎవరూ అడగలేదు. కానీ ఆవిడ తివాచీ పక్కన పట్నం తివాచీ పరిస్తే తేడా నాకూ తెలిసింది.

ఈ ఏడు వేసవి జాతరలో పెద్ద గుడారానికి తివాచీ వేసే వంతు మా ఊరికి వచ్చింది. అన్ని లోయల నుంచీ వచ్చిన పెద్దలు కూర్చునేది దాని మీదే. అపా చలికాలం అంతా గీసింది. మధ్యభాగం పూర్తయింది, మూలలు మిగిలాయి. అప్పుడే పాత కంప్యూటర్ కాలిన వాసన కొట్టి ఆగిపోయింది.

అత్-బాషీ సంతలో ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసే ఉలార్‌బెక్ వచ్చి చూశాడు. మంచి కుర్రాడు, పెద్దవాళ్ళ ముందు కాళ్ళు చాపడు. లోపలి డిస్కు బతికే ఉందని, దాన్ని తీసి ఇంకో కంప్యూటర్‌లో పెట్టి తెచ్చాడు. అపా గీసినదంతా తెర మీద కనిపించింది. కనిషాయ్ ఆనందం పట్టలేక అతని నోట్లో వేయించిన పిండి బిళ్ళ కుక్కింది. అతను తనతో తెచ్చిన చిన్న మౌస్ ఒకటి తగిలించి, టీ తాగి, సంతకి వెళ్ళిపోయాడు.

కొత్త వస్తువు ఇంటికొస్తే మా కొట్టంవాళ్ళు ఊరుకోరు. టీ కెటిల్‌కి తొడుగు, పెట్టెకి తొడుగు, కుట్టుమిషన్‌కి తొడుగు. కంప్యూటర్ డబ్బా మాత్రం చలికి బోడిగా ఎందుకుండాలి? మర్నాడే అనార్‌కుల్ దళసరి ఉన్నితో దానికి కోటు కుట్టింది. నల్లటి కోటు, ముందువైపు ఎర్ర కొమ్ములు, అంచున మెలి తాడు. తీగలు పోవడానికి వెనక చిన్న చీలిక వదిలి, చివరి కుట్టు డబ్బా మీదే వేసి బిగించేసింది. బల్ల మీద అది పెళ్ళికొడుకులా కూర్చుంది. ఊరంతా వచ్చి చూసి, తలొక మిఠాయి పెట్టి వెళ్ళారు.

చిక్కంతా చిన్న మౌస్‌తో వచ్చింది. అపా అరచెయ్యి దాని మీద ఆనలేదు. తేలికగా ఉండడంతో చెయ్యి కాస్త వణికితే చాలు, బాణం తెర ఈ చివర నుంచి ఆ చివరకి ఎగిరిపోయేది. ఒక రోజంతా ప్రయత్నించింది. ఒక్క కొమ్ము కూడా ముగియలేదు. సాయంత్రం మౌస్‌ని పక్కకి జరిపి, "ఇది మిడత. మిడతతో దున్నలేను" అంది. పెట్టెలోంచి పాత మౌస్ తెప్పించింది.

కోటు వెనక చీలికలోంచి చూస్తే, దాని గుండ్రటి తోకకి సరిపడే కన్నం కొత్త డబ్బాకి కనిపించలేదు. కనిపించినవన్నీ బల్లపరుపు కన్నాలే. ఉలార్‌బెక్ ఒక మార్పిడి ముక్క పంపించాడు. దానికి ఒక పక్క గుండ్రం, ఇంకో పక్క బల్లపరుపు. తగిలించాం. తెర మూలలో ఏదో మాట వచ్చింది. నేను తొమ్మిదో తరగతిలో మానేశాను కానీ, కళ్ళజోడు అక్కర్లేకుండా చదవగలిగేది నేనే కాబట్టి చదివి చెప్పాను. తగిలించిన వస్తువేమిటో గుర్తుపట్టలేకపోతున్నానంటోంది.

"మన అపాని గుర్తుపట్టదా? ఎక్కడి నుంచి వచ్చిందే ఇది, ఇంత పొగరు!" అంది కనిషాయ్.

అనార్‌కుల్ ఉలార్‌బెక్‌కి ఫోన్ చేసి, గొంతు అందరికీ వినపడేలా పెట్టింది. ఆవిడని అతను ఎజే అంటాడు, అక్కా అని.

"ఆ ముక్క ఆకారమే మారుస్తుంది ఎజే, మాట మార్చదు" అన్నాడు ఉలార్‌బెక్. "రెండు రకాల మాటా వచ్చిన మౌస్ అయితే దానితో నడుస్తుంది. అపాది మరీ పాతది, దానికి ఒక్క మాటే వచ్చు. డబ్బా వెనక చూడండి, రెండు గుండ్రటి కన్నాలు ఉండాలి."

కోటు చీలికని వేళ్ళతో వెడల్పు చేసి చూస్తే, ఉన్ని చాటున ఉన్నాయి.

"ఒకటి ఊదా, ఒకటి ఆకుపచ్చ. ఆకుపచ్చ దాంట్లో పెట్టండి. ఊదాకీ ఆకుపచ్చకీ మీరు పొరబడొద్దు..."

"రంగులు మాకు చెబుతున్నాడు! నాయనా, నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నికి రంగులు వేస్తున్నాం" అని కనిషాయ్ అరిచింది. అవతల అతను నవ్వి క్షమించమన్నాడు.

ఆకుపచ్చ దాంట్లో పెట్టాం. చిన్న మౌస్ ఊడదీశాం. తెర మీద బాణమే మాయమైంది. ఉన్ని చిక్కుకుంటే బాణం కదలదు కానీ ఉంటుంది. ఇప్పుడు అసలు లేదు. అయినా అపా దాని పొట్ట తెరిచి శుభ్రం చేసింది. బాణం రాలేదు.

"ప్లగ్గులో సూదులు చూడండి, ఏదైనా వంగిందా?" అన్నాడు ఉలార్‌బెక్.

ఒకటి వంగి ఉంది. అపా దబ్బనం మొనతో, ఊపిరి బిగబట్టి, దాన్ని నిటారుగా నిలబెట్టింది. మళ్ళీ పెట్టాం. బాణం లేదు.

"కంప్యూటర్ పూర్తిగా ఆపేసి, తరవాత మౌస్ పెట్టి, అప్పుడు వెయ్యండి ఎజే. గుండ్రటి రకం నడుస్తుండగా పెడితే దానికి తెలియదు. లేచేటప్పుడు ఒక్కసారే చుట్టూ చూసుకుంటుంది. ఎవరున్నారో అప్పుడే గుర్తుపెట్టుకుంటుంది."

అనార్‌కుల్ ఆపింది. మౌస్ పెట్టింది. వేసింది. బాణం లేదు. మళ్ళీ ఆపింది, మళ్ళీ వేసింది.

"ఆపి వేశారా?"

"ఎన్నిసార్లు ఆపమంటావు? ఆపేదీ వేసేదీ ఇదే పని."

చివరికి ఉలార్‌బెక్ అన్నాడు, "అయితే మౌసే పోయినట్టుంది అపా. తప్పుగా అనుకోకండి. దానికి వయసైపోయింది. అలాంటిది ఇప్పుడు సంతలో దొరకదు, పట్నంలో వెతికిస్తాను. ఎప్పటికి దొరుకుతుందో మాత్రం చెప్పలేను."

అపా మౌస్ తోకని జాగ్రత్తగా చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

అనార్‌కుల్ చెడ్డది కాదు. కొట్టం ఆవిడ మీద నడుస్తుంది. ఉన్నికి రంగు వేసి ఆరబెట్టి ఉంది. కోత మొదలుపెట్టకపోతే జాతరకి కుట్టు అవదు. ఆవిడ టీ గిన్నె పక్కన పెట్టి, ఎటో చూస్తూ అంది.

"అపా, పట్నం నుంచి నమూనాల మూట వచ్చి ఉంది. అందులో మంచివే ఉన్నాయి. శనివారం దాకా చూస్తాను. ఆ తరవాత అందులోదే ఒకటి కోసేద్దాం."

"పెద్ద గుడారంలో పట్నం నమూనానా?"

"బోడి నేల మీద కూర్చోబెట్టడం కంటే నయం కదా."

"నేను చలికాలం అంతా గీసింది?"

"వచ్చే ఏడు వేసుకుందాం."

"వచ్చే ఏడు వంతు వేరే ఊరిది" అంది అపా.

వంతు ఆవిడ బతికి ఉండగా మళ్ళీ రాదని గదిలో అందరికీ తెలుసు. నేను ఎవరి గిన్నె ఖాళీ అయిందో చూస్తూ టీ పోశాను.

మర్నాడు గురువారం. శనివారం సంత కోసం పొద్దున్నే పిండి కలిపాం. కొట్టంలో చలి. కొత్త డబ్బా వచ్చిన రోజు నుంచి పిండి గిన్నెని దాని కోటు మీద పెట్టడం మాకు అలవాటైంది. అక్కడ పెడితే చక్కగా పొంగుతుంది. కోటు అంత వెచ్చగా కుట్టానని అనార్‌కుల్ గర్వం. అపా కూడా పని మొదలుపెట్టేముందు బిగుసుకున్న కుడిచేతిని ఆ కోటు మీద కాసేపు ఆనిస్తుంది. ఆ రోజు చేసే పని లేకపోయినా వచ్చి, చెయ్యి ఆనించి నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"అనార్‌కుల్, నిన్న వెళ్ళేటప్పుడు దీన్ని ఆపావా?"

"ఆపాను అపా. తెర నల్లగా లేదూ?"

"ఎప్పుడు ఆపినా అలాగే ఆపుతావా?"

"ఇంకెలా ఆపుతారు?"

"ఉలార్‌బెక్‌కి ఫోన్ కలుపు."

అతను సంతలో కొట్టు తెరుస్తున్నట్టున్నాడు, రేకు తలుపు చప్పుడు వినిపించింది.

"నాయనా, నాకొకటి చెప్పు. ఇనుము రాత్రంతా ఆపేసి ఉంటే, పొద్దున ఒళ్ళు వెచ్చగా ఉంటుందా?"

"ఉండదు అపా. చల్లగా ఉంటుంది. ఏం?"

"మా డబ్బా మీద పిండి పొంగింది."

రేకు తలుపు చప్పుడు ఆగింది. "ఎజేని పిలవండి" అన్నాడు. "అనార్‌కుల్ ఎజే, మీరు ఆపేటప్పుడు ఏ మీట నొక్కుతున్నారు?"

"తెర కింద ఉన్నది."

"అయ్యో నా తెలివి తెల్లారా!" అని అతను తల కొట్టుకున్న చప్పుడు కూడా వినిపించింది. "అది తెర మీట ఎజే! తెర కళ్ళు మూసుకుంటుంది, అంతే. డబ్బా నడుస్తూనే ఉంది. నేను పెట్టి వచ్చిన రోజు నుంచీ నడుస్తూనే ఉంది! ఏ మీటో నేను అడగాల్సింది. నాదే తప్పు."

మా కొట్టం ఆస్పత్రి లైనులో ఉంది, కరెంటు పోదు. పోయి ఉంటే ఈ గొడవే ఉండేది కాదని తరవాత అతనే చెప్పాడు.

"ఓసినీ! ఇన్నాళ్ళూ నిద్రపోకుండా మన మాటలన్నీ విందా ఇది?" అని కనిషాయ్ గోడ ప్లగ్గు వైపు పరిగెత్తింది. "ఉండు, పీకేస్తాను."

"పీకొద్దు! పీకొద్దు ఎజే!" ఫోన్‌లోంచి అతను అరిచాడు. "అపా గీసింది పాడైపోవచ్చు. డబ్బా ముందు గుండ్రటి మీట ఉంటుంది. ఒక్కసారి నొక్కి వదిలెయ్యండి, అదే మెల్లగా సర్దుకుని పడుకుంటుంది."

డబ్బా ముందు ఉన్నది కోటు. అనార్‌కుల్ వేళ్ళతో తడిమింది. ఎర్ర కొమ్ము వంపు కింద చిన్న బొడిపె తగిలింది. నొక్కింది. రెండు పొరల ఉన్ని మందం, పైన మెలి తాడు. వేలు మెత్తగా దిగి పైకి వచ్చేసింది. బొటనవేలితో నొక్కింది, కనిషాయ్ పిడికిలితో నొక్కింది. ఏమీ కాలేదు.

"కుట్టు విప్పితే?"

"సాయంత్రం అవుతుంది. నేను వేసిన కుట్టు అంత తొందరగా రాదు" అంది అనార్‌కుల్. ఆ కష్టంలో కూడా ఆ మాట కాస్త గొప్పగానే అంది.

అపా పెద్ద కత్తెర తెచ్చి అనార్‌కుల్ ముందు పెట్టింది. "కొయ్యి."

అనార్‌కుల్ చేతులు వెనక్కి లాక్కుంది. పూర్తయిన కొమ్ముల పని మీద మా కొట్టంలో ఎవరూ కత్తెర పెట్టరు. అంచు తాడు పడ్డాక అది పూర్తయినట్టే, పూర్తయినదాన్ని కోయడం అశుభం. అదీగాక అది ఆవిడ కుట్టు, ఊరంతా వచ్చి చూసి మెచ్చుకున్న కుట్టు.

"అపా, అంచు కట్టేశాను. కొయ్యకూడదు."

"తివాచీని కొయ్యకూడదు. ఇది కోటు. కోటన్నాక బొత్తానికి కాజా ఉండొద్దా? నువ్వు కాజా మర్చిపోయావు, అంతే."

కనిషాయ్ పకాలుమంది. అనార్‌కుల్ నవ్వలేదు. బిస్మిల్లా అనుకుని, కత్తెర మొన ఎర్ర కొమ్ము వంపులో దింపి, నాణెం అంత కన్నం కోసింది. నూడుల్స్ ఆవిడ చెప్పే మంత్రం బహుశా ఆ బిస్మిల్లాయే. అది చదివింది కూడా అపా కాదు.

మీట నొక్కింది. కాసేపు ఏమీ లేదు. తరవాత గదిలో ఏదో ఆగింది. ఇన్నాళ్ళూ అక్కడ ఒక చప్పుడు ఉండేదని అది ఆగాకే తెలిసింది. ఉన్ని లోపల దాక్కున్న చప్పుడు. సమోవర్ గుసగుస మాత్రం మిగిలింది.

"ఇప్పుడు పెట్టండి. ప్లగ్గు మీద బాణం గుర్తు ఉంటుంది చూసి పెట్టండి, బలవంతంగా తొయ్యొద్దు" అన్నాడు ఉలార్‌బెక్. అపా ఎడమ చేత్తో చీలిక లోపలికి దూర్చి, తడిమి, పెట్టింది. "పెట్టాను నాయనా." "ఇప్పుడు వెయ్యండి."

అనార్‌కుల్ కన్నంలోంచి నొక్కింది. డబ్బా లోపల గాలి తిరగడం మొదలైంది. తెర వెలిగింది. అపా బల్ల ముందు కూర్చుని, కుడి అరచేతిని పాత మౌస్ మీద బోర్లించి, కదపకుండా ఉంచింది. తెర మధ్యలో బాణం వచ్చి నిలబడింది. చెయ్యి జరిగింది. బాణం జరిగింది.

కనిషాయ్ గట్టిగా ముక్కు చీదుకుని, "వచ్చావా, రా. మేం టీ తాగకుండా కూర్చున్నాం" అని బాణంతో అంది. ఫోన్‌లో ఉలార్‌బెక్, "వచ్చిందా? వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాడు. అపా ఫోన్ దగ్గరికి వంగి, "వచ్చింది నాయనా. నీ ఇల్లు చల్లగా ఉండాలి. శనివారం రా, తినిపోదువుగాని" అంది.

పొంగిన పిండితో వేయించిన బిళ్ళలు చేశాం. అపా తినలేదు. గీస్తూ కూర్చుంది.

శనివారానికి నమూనా అచ్చు అయింది. అనార్‌కుల్ పట్నం నమూనాల మూటని పెట్టెలో అడుగున పెట్టేసింది. కోటు కన్నం చుట్టూ తానే ఎర్ర మెలి తాడు కుట్టింది. ఇప్పుడు చూసినవాళ్ళు అది మొదటి నుంచీ అలాగే ఉందనుకుంటారు. పొద్దున్న డబ్బా వేసేముందు మౌస్ పెట్టి ఉందో లేదో చూడడం, సాయంత్రం కన్నంలోంచి ఆపడం మా పద్ధతైంది. పిండి గిన్నె పొయ్యి పక్కకి మారింది, కాస్త ఆలస్యంగా పొంగుతోంది.

జాతర రోజు పెద్ద గుడారంలో తివాచీ పరిచాం. మా ఊరి ఆడవాళ్ళం అందరం ఉతికిన రుమాళ్ళు కట్టుకుని బయట వరసగా నిలబడ్డాం. పై లోయ నుంచి వచ్చిన ఒక తాత, తెల్లటి ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దాయన, లోపలికి రాబోయి గుమ్మం దగ్గర ఆగాడు. బూట్లు విప్పి కూడా దాని మీద కాలు పెట్టలేదు. అంచు పక్కన గొంతుకూర్చుని, చూపుడువేలితో ఒక కొమ్ము వెంట మెల్లగా వెళ్ళాడు. మూల దాకా వెళ్ళి, మూల తిరిగి, రెండో కొమ్ము మీదికి వచ్చాడు.

"ఇది ఎవరి చెయ్యి?" అని అడిగాడు.

అందరూ అపా వైపు చూశారు. అపా రుమాలు సర్దుకుని, "మా కొట్టం చెయ్యి" అంది.

ఆయన తలూపి, వెళ్ళి పెద్దలు కూర్చునే చోట కూర్చున్నాడు. ఆ తరవాత మిగతావాళ్ళు అడుగు పెట్టారు. ఉలార్‌బెక్ కూడా వచ్చాడు, తన స్నేహితులకి వేలు పెట్టి చూపిస్తూ, "ఆ డబ్బా నేనే తెచ్చాను" అని చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనివ్వమంది అపా. అనార్‌కుల్ ఆ రోజంతా గుడారం చుట్టూ తిరుగుతూనే ఉంది, ఎవరైనా మూల దగ్గర ఆగితే తానూ ఆగేది.

మౌస్‌కి ప్రాణం పోసిన కథ అక్కడే పుట్టి ఉంటుంది, కనిషాయ్ నోటి నుంచే అయినా నేను ఆశ్చర్యపోను. అపా చెవిన కూడా పడింది. విని, పంచదార బిళ్ళ పంటి కింద పెట్టుకుని టీ తాగింది, కాదనలేదు.

అది ఆవిడ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ లొంగదని సంతలో అంటారు. నమూనా అచ్చు తీయడానికి ముందు రోజు, శుక్రవారం మధ్యాహ్నానికి మూడు మూలలు అయ్యేసరికి అపా మణికట్టు వాచిపోయింది. నాలుగో మూల ఆ మౌస్‌తోనే అనార్‌కుల్ గీసింది.